పర్లాకిమిడిలో పాత పొగగొట్టం బాగుచేయించాం: పాతపట్నం మేస్త్రి గారి పని ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది కరెంటుతో నడిచే వంటింటి చిమ్నీ గురించి కాదు. కట్టెల పొయ్యి మీద నుంచి డాబా దాటి పైకి వెళ్లే ఇటుక పొగగొట్టం గురించి. మా అత్తగారు పొగగూడు అంటారు. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, జనవరిలో నేను ఫోన్లు మొదలుపెట్టినప్పుడు "చిమ్నీ రిపేరు" అనగానే ఇద్దరు ఫిల్టరు కడగడానికి రేటు చెప్పారు, బరంపురం నుంచి ఒకతను ఏ కంపెనీ మోడల్ అని అడిగాడు. తాపీ మేస్త్రి కావాలి, ఇటుక గొట్టం పని అని చెప్తేనే సరైన మనిషి దొరుకుతాడు. ఒడియా వాళ్లని అడిగేటప్పుడు రాజమిస్త్రీ అనండి.

మా ఇల్లు పర్లాకిమిడిలో ఊరి చివర కాలనీలో ఉంది. ముందు భాగం తర్వాత కట్టుకున్నది, వెనక వంటిల్లు మాత్రం మా మామగారి నాన్నగారు కట్టించింది. ఎర్ర ఇటుక, సున్నం గచ్చు. పెంకులు తీసేసి పైన స్లాబు వేశారు గానీ పొగగొట్టాన్ని అలాగే ఉంచేశారు, స్లాబు దాని చుట్టూ పోశారు. గ్యాసు ఉంది, ఇండక్షన్ ఉంది, అయినా సంక్రాంతి అరిసెలు, మినప సున్నుండలకి పప్పు వేయించడం, చలికాలం స్నానాలకి నీళ్లు, ఇవన్నీ కట్టెల పొయ్యి మీదే. అత్తగారికి డెబ్బై ఆరేళ్లు, ఆ పొయ్యి దగ్గరే ఆవిడ సగం జీవితం గడిచింది. దాన్ని తీసేద్దాం అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. మా పెరట్లో కొబ్బరి చెట్టు మొవ్వ విరిగి సరిగ్గా గొట్టం మీద పడింది. పై మూడు వరుసల ఇటుకలు పోయాయి, కింద దాకా ఒక పగులు దిగింది. ఆ తర్వాత నెలల తరబడి మేస్త్రి దొరకలేదు, అందరి ఇళ్ల కప్పులూ ఎగిరిపోయాయి కదా, మా పొగగొట్టం ఎవరికి గుర్తుంటుంది. చివరికి 2019లో ఒక కాంట్రాక్టరు వచ్చాడు. పేరు రాయను. తొమ్మిది వేలు తీసుకుని రెండు రోజుల్లో పని ముగించాడు. పగులు మీద, పాత ఇటుకల మీద, మొత్తం గొట్టం చుట్టూ గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, వాన పడకుండా పైన ఒక నాపరాయి పలక పెట్టాడు. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. మేమూ సంతోషంగానే డబ్బులిచ్చాం.

రెండు వానాకాలాలు తిరిగేసరికి వంటింటి గోడ మీద, గొట్టం దిగిన చోట, అరచేయంత చెమ్మ మచ్చ వచ్చింది. తర్వాత తలుపంత అయింది. దాని మీద తెల్లగా ఉప్పు పూత, వేలితో రాస్తే పొడి రాలేది. సున్నం వేశాం, డిస్టెంపర్ వేశాం, పైన వాటర్‌ప్రూఫ్ పెయింటు కూడా వేయించాం. ఏదీ ఆగలేదు. పైగా పొగ వెనక్కి కొట్టడం మొదలైంది. ఈ సంక్రాంతికి అరిసెల పాకం పెట్టిన రోజు వంటిల్లంతా పొగ నిండిపోయి, చలికి కిటికీ మూసి ఉండటంతో అత్తగారు కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. పెరట్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాక ఒక అరగంటకి గానీ తేరుకోలేదు. నాకు ఆ రోజు నిజంగా భయం వేసింది. కళ్లు మండించే పొగ ఒక్కటే కాదు, సరిగ్గా కాలని కట్టెల నుంచి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, మైకం వచ్చేదాకా తెలీదు. గొట్టం పూడుకుపోయిన ఇంట్లో కిటికీ మూసి పొయ్యి వెలిగించకండి, దయచేసి. బొగ్గుల కుంపటి కూడా అంతే.

సరే, మేస్త్రి వేట. ఒకాయన ఫొటోలు పంపమన్నాడు, పంపాను, పావుగంటలో "మొత్తం కొట్టేసి కొత్తది కట్టాలి, ముప్పై ఎనిమిది వేలు" అని మెసేజ్ పెట్టాడు. మనిషి రాలేదు, చూడలేదు. ఇంకొకాయన వచ్చాడు, పెరట్లో నిలబడి తలెత్తి చూసి, మళ్లీ ప్లాస్టర్ వేసి పైన కెమికల్ కొడతా అన్నాడు. మా ఆడపడుచు పాతపట్నంలో ఉంటుంది, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రా, పెళ్లిళ్లూ సంతలూ అన్నీ అటూ ఇటూ జరిగేవే. ఆవిడ వాళ్ల పక్కింటి గోడలు కట్టిన తాపీ మేస్త్రి గారి నంబరు ఇచ్చింది. "వదినా, ఆయన లేటుగా వస్తాడు గానీ పని మాత్రం మనసు పెట్టి చేస్తాడు" అని చెప్పింది. రెండు మాటలూ నిజమే.

ఆదివారం వస్తానన్న మనిషి బుధవారం వచ్చారు. వచ్చి రేటు మాట్లాడలేదు. నిచ్చెన ఉందా అమ్మా అని అడిగి పైకెక్కారు. నేనూ వెనకాలే మెట్ల మీద నుంచి డాబా ఎక్కాను. తాపీ పిడితో ప్లాస్టర్ మీద కొడుతూ చుట్టూ తిరిగారు, జానెడు జానెడుకి ఒక దెబ్బ, చెవి దగ్గరగా పెట్టి. కొన్ని చోట్ల టక్ టక్ అని గట్టి శబ్దం, ఉత్తరం వైపు, పగులు ఉన్న వైపు డబ్ డబ్ అని బోలు శబ్దం. అక్కడ తాపీ మొన పెట్టి కొంచెం లేపితే పలక పలకగా ప్లాస్టర్ ఊడొచ్చింది, దాని వెనక అతుక్కుని ఇటుక ముఖం కూడా వచ్చేసింది. ఆ ముక్క నా చేతిలో పెట్టారు. ఒక వైపు రాయిలాంటి సిమెంటు, ఇంకో వైపు వేళ్ల మధ్య నలిగిపోయే ఎర్ర పొడి. తడిగా ఉంది. జనవరి నెల, వాన పడి ఎన్నో వారాలైంది, అయినా లోపల తడి ఆరలేదు.

"నీరు లోపలికొచ్చే దారి మూయలేదమ్మా, బయటికెళ్లే దారి మూసేశారు," అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు ఐదేళ్ల సంగతి అర్థమైంది. పాత ఇటుక మెత్తనిది, సున్నం గచ్చు ఇంకా మెత్తనిది, అవి వానకి తడుస్తాయి, ఎండకి ఆరతాయి, గాలి పీల్చే గోడ అన్నమాట. దాని చుట్టూ గట్టి సిమెంటు తొడుగు వేస్తే, పైన పలక సందుల్లోంచి, స్లాబు కలిసే మూలలోంచి దిగిన నీళ్లు ఇక బయటికి ఆరలేవు. ఇటుకలో ఉన్న ఉప్పు నీళ్లతో పాటు ముఖం దాకా వచ్చి, ప్లాస్టర్ వెనక గడ్డకట్టి, ఇటుక ముఖాన్ని పొరలు పొరలుగా తోసేస్తుంది. మేము లోపల గోడకి వేయించిన వాటర్‌ప్రూఫ్ పెయింటు కూడా అదే తప్పు, రెండో వైపు నుంచి.

తర్వాత కిందకి దిగి పొయ్యిలో తల పెట్టి, మా పాప అద్దం అడిగి తీసుకుని, ఫోను టార్చి వేసి పైకి చూశారు. వెలుతురు కనపడలేదు. పైనున్న పలక గొట్టం నోటికి మూడు వేళ్ల ఎత్తులోనే ఉందట, అందులో గోరింక గూడు కట్టింది, గూడు కింద తారులాంటి నల్లటి మసి పేరుకుంది. పొగ ఎటు పోతుంది మరి! ఆ మసి ఊరికే నలుపు చేసేది కాదు, బాగా పేరుకుంటే అదే అంటుకుంటుంది, గొట్టంలో మంట లేస్తుంది. పచ్చి కట్టెలు కాల్చకండి అని అత్తగారికి చెప్పారు. ఆవిడ "నాయనా, మామిడి కట్టెలే కాలుస్తాం, అవి ఆరినవే" అంటే, "ఆరడానికి ఒక ఎండాకాలం పూర్తిగా దాటాలి పెద్దమ్మా" అని మర్యాదగానే చెప్పారు. అత్తగారు ఆ రోజు నుంచే కొత్త మోపు వేరే పేర్పించారు.

అప్పుడు కూర్చుని లెక్క చెప్పారు. కొట్టేయక్కర్లేదు, స్లాబు పైన ఉన్న భాగంలో దెబ్బతిన్న ఏడు వరుసలు విప్పి మళ్లీ కట్టాలి, కింద భాగానికి ప్లాస్టర్ వలిచి సందులు పూడ్చాలి, స్లాబు దగ్గర మూల కట్టాలి, పైన కొత్త టోపీ వేయాలి. రోజు కూలి లెక్కన చేస్తారు, మొత్తానికి ఇంత అని మాట్లాడుకోరు. సామాను మనమే కొనాలి. ఇది కొందరికి నచ్చదు, రోజులు సాగదీస్తారేమోనని టెన్షన్, నాకూ ఉండింది. కానీ పాత గోడ వలిచాక లోపల ఏముందో ఎవరికీ తెలీదు, ముందే మొత్తం ధర ఒప్పుకున్నవాడు ఆ తేడాని ఎక్కడో ఒకచోట పనిలోంచే మిగుల్చుకుంటాడు. మాకు 2019లో జరిగింది అదే.

పని ఫిబ్రవరిలో జరిగింది, ఏడు రోజులు. ఆయనతో ఒక సహాయకుడు, కాశీనగర్ వైపు సవర కుర్రాడు, చాలా జాగ్రత్త మనిషి. రెండు రోజులు ఇంకో మేస్త్రి కూడా వచ్చాడు. ఒడియా, తెలుగు కలిపేసి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే మా ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉండేది.

ప్లాస్టర్ వలవడానికే రెండు రోజులు పట్టింది. మెషీన్ పెట్టి కొడితే గంటలో అయిపోతుంది కదా అని మా ఆయన అడిగారు. మెషీను అదురుకి మంచి ఇటుక కూడా కదులుతుందని చిన్న ఉలి, సుత్తితోనే చేశారు. పని మొదలవడానికి వారం ముందే సున్నం నానబెట్టించారు, ప్లాస్టిక్ డ్రమ్ములో, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా. పిల్లల్ని దాని దగ్గరకి రానివ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం. కట్టడానికి సున్నం ఒక పాలు, సిమెంటు ఒక పాలు, జల్లించిన వంశధార ఇసుక ఆరు పాళ్లు. కింద పాత సున్నం గోడ సందులకి సిమెంటు అసలు కలపలేదు, సున్నం ఒకటికి ఇసుక మూడు. సందుల్ని అంగుళం లోతు దాకా గీకి, దుమ్ము బ్రష్‌తో దులిపి, నీళ్లు చిలకరించి, మాలు (ఈ సున్నం, ఇసుక కలిపిన ముద్ద) ఒకేసారి కుక్కకుండా రెండు విడతలుగా అదిమారు. మాలు ఇటుక కంటే మెత్తగా ఉండాలి, కదలిక వస్తే సందు పగలాలి గానీ ఇటుక పగలకూడదు అంటారాయన. పొయ్యికి దగ్గరగా, మంట తగిలే మూడు వరుసలు మాత్రం బంకమట్టితో పేర్చారు, అక్కడ సిమెంటు వేడికి నిలవదట.

ఇటుకలు మాకు తలనొప్పి అయింది. ఇక్కడి షాపుల్లో బూడిద ఇటుకలే ఎక్కువ, పాత ఎర్ర ఇటుక కొలత కలవదు. ఆయనే పాతపట్నం వైపు బట్టీలో చూసి ఆటోలో 120 వేయించుకొచ్చారు. దింపగానే రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టి వినిపించారు, ఖంగుమంది. మొద్దు శబ్దం వచ్చినవి తొమ్మిదో పదో పక్కన పెట్టేసి, వాటిని తర్వాత తులసికోట పక్కన గట్టుకి వాడారు. కట్టే ముందు ఇటుకల్ని తొట్టిలో నానేశారు, బుడగలు ఆగేదాకా. పొడి ఇటుక పెడితే మాలులోని నీళ్లు పీల్చేసుకుంటుంది, పట్టు ఉండదు.

టోపీ గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆ పనితనం నాకు చాలా నచ్చింది. గొట్టం నాలుగు మూలల్లో ఎనిమిది అంగుళాల ఎత్తు ఇటుక కాళ్లు, వాటి మీద కాంక్రీటు పలక, మధ్యలో ఎత్తుగా, నలువైపులా వాలుగా. గొట్టం గోడ దాటి రెండు అంగుళాలు బయటికి వచ్చేలా. ఆ పలకని కిందే నేల మీద చెక్కలు పెట్టి పోశారు. పోసే ముందు చెక్క అంచు నుంచి అంగుళం లోపలగా, చుట్టూ నూనె రాసిన పది ఎం.ఎం. ఊచలు పరిచారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మర్నాడు పలక తిప్పి ఊచలు లాగేస్తే అడుగున సన్నటి గాడి పడింది. వాన నీళ్లు పలక అంచు దాటి అడుగు వెంట లోపలికి పాకుతూ వస్తాయి కదా, ఆ గాడి దగ్గరకి వచ్చేసరికి ఇక పాకలేక చుక్కగా కింద పడిపోతాయి. గోడని తాకవు. సన్‌షేడ్లకి కూడా ఇలాగే ఉండాలట, మా ముందు గదుల సన్‌షేడ్లకి లేదు, అందుకే కిటికీల పైన ఎప్పుడూ నల్ల చారలు. పలకకీ గొట్టానికీ మధ్య నాలుగు వైపులా జాలీ, గోరింకలు దూరకుండా. సన్న దోమల జాలీ వేయలేదు, అది మసితో పూడిపోతుంది, వేలు దూరేంత కన్నాలున్నది వేశారు.

ఎత్తు కూడా పెంచారు. గొట్టం నోరు డాబా నుంచి కనీసం మూడు అడుగులు, పది అడుగుల దూరం లోపల ఏ గోడ ఉన్నా దానికంటే రెండు అడుగులు పైన ఉండాలి, లేకపోతే గాలి పొగని కిందకి తోస్తుంది. మా నీళ్ల ట్యాంకు దిమ్మ దగ్గరగా ఉంది, అందుకే రెండు వరుసలు అదనంగా కట్టాల్సి వచ్చింది. స్లాబూ గొట్టమూ కలిసే మూలలో పాతదంతా చెక్కి, శుభ్రం చేసి, గుండ్రంగా వాలు కట్టారు, నీళ్లు మూలలో నిలవకుండా దొర్లిపోయేలా. చెమ్మకి సగం కారణం ఆ మూలే.

ఇక నచ్చనివి. మసి దింపిన రోజు ముందే చెప్పలేదు, దండెం మీద బట్టలన్నీ పాడయ్యాయి, పిల్ల యూనిఫాం పనికిరాకుండా పోయింది. మధ్యలో అమావాస్య అని ఒక రోజు, పాతపట్నంలో ఎవరిదో శ్లాబు అని ఇంకో రోజు రాలేదు, ఫోను చేస్తే ఎత్తలేదు, పరంజా అలాగే కట్టి ఉంది, పిల్లలు ఎక్కుతారేమోనని నేను కాపలా కాశాను. పైన పని చేసేటప్పుడు నడుముకి తాడు కట్టుకోమంటే ఆయన నవ్వేశారు. నేను ఒప్పుకోలేదు, మా మోకు ఇచ్చి ట్యాంకు దిమ్మకి కట్టించాను, కుర్రాడికి కూడా. మీరూ అడగండి, ఇంటివాళ్లు గట్టిగా చెప్తే కట్టుకుంటారు. బిల్లు ఉండదు, నోటు పుస్తకంలో రాసుకున్న లెక్కే.

ఆ లెక్క ఇది. మేస్త్రి గారికి రోజుకి 850 చొప్పున ఏడు రోజులు, రెండో మేస్త్రికి అదే రేటున రెండు రోజులు, సహాయకుడికి 500 చొప్పున ఏడు రోజులు, కూలి మొత్తం 11,150. ఇటుకలు, సున్నం, సిమెంటు, ఇసుక, ఊచలు, జాలీ, వెదుళ్ల అద్దె కలిపి 5,580. అంతా 16,730 రూపాయలు. టీలు, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, అది అత్తగారి పట్టుదల.

తడపడం మన పని. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఎండకి గబుక్కున ఆరితే పొడిపొడి అయిపోతుంది, అందుకే గోనె సంచులు చుట్టి పది రోజులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం తడిపాం. ఇలాంటి పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకపోవడమే మంచిది. మూడు వారాలు పొయ్యి వెలిగించొద్దన్నారు. నాలుగో వారంలో ఆయనే ఒక సాయంత్రం వచ్చి, ముందు కాగితం ముట్టించి పొయ్యిలో పెట్టారు. పొగ ఒక్క క్షణం తటపటాయించి, పైకి లాగేసింది. అత్తగారు బయటికి వెళ్లి డాబా మీదకి తలెత్తి చూసి, "పోతోంది, పోతోంది" అని చిన్నపిల్లలా పిలిచారు. తర్వాత వారం రోజులు చిన్న మంటలే వేశాం.

ఇది రాస్తున్నది ఆగస్టులో. జూలై వానలు గట్టిగానే పడ్డాయి, రెండు రోజులు ఆగకుండా కురిసిన వారం నేను రోజూ వంటింటి గోడ మీద చేయి పెట్టి చూశాను. పొడిగానే ఉంది. పాత మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు, లోపలి ఉప్పు బయటికొస్తూనే ఉంటుంది, పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడగొద్దు, ఒక ఏడాది దాకా రంగు వేయొద్దు అన్నారు, అలాగే చేస్తున్నాం. లోపలి వాటర్‌ప్రూఫ్ పెయింటు మా ఆయనా నేనూ కలిసి గీకేసి మామూలు సున్నం వేశాం.

దసరా వెళ్లాక ముందు గదుల సన్‌షేడ్లకి గాడి పెట్టే పని, పెరటి గోడ పని కూడా ఆయనకే చెప్పాం. అడ్వాన్సు ఇస్తానంటే వద్దన్నారు, ముందు నిచ్చెనెక్కి చూశాక మాట్లాడదాం అన్నారు.